నిప్పుగూటి మీద ఈజిప్టు

చలిదేశాల ఇళ్ళలో గోడలోనే కట్టే నిప్పుగూడు మనకు అంతగా పరిచితమైనది కాదు. దాని అలంకరణలో కళాచరిత్ర ఏముంటుందని పాఠకులు అడగవచ్చు. ఐరోపా సంపన్నుడు అతిథిని కూర్చోబెట్టేది దాని ఎదుటే. తన చదువునూ, అభిరుచినీ, ఐశ్వర్యాన్నీ చాటుకునేదీ దాని చుట్టూ ఉన్న పాలరాతి చట్రం మీదే.

1769లో పిరనేసి అనే కళాకారుడు రోములో ఈ నిప్పుగూళ్ళ అలంకరణ మీద ఒక చిత్రగ్రంథం ప్రచురించాడు. అందులో కొన్ని నమూనాలు ఈజిప్టు రీతిలో ఉన్నాయి: స్ఫింక్సులు, ఎద్దులు, బిగుసుకుని నిలబడిన మూర్తులు, వాటి నడుమ చిత్రలిపి. పిరనేసి ఈజిప్టు చూడలేదు. ఒకనాటి రోమన్ చక్రవర్తులు తరలించి తెచ్చిన ఏకశిలా స్తంభాలూ, విగ్రహాలూ అతనికి ఊళ్ళోనే దొరికాయి. ఆ లిపి చదవగలవాడు అప్పటికి భూమ్మీద లేడు. కనుక అతను గీసింది అక్షరాల ఆకారమే గాని అక్షరాలు కావు.

అయినా పిరనేసిని నేను తేలిగ్గా కొట్టివేయలేను. కళ అంటే గ్రీకు కళేనని పండితులు తీర్మానిస్తున్న రోజులవి. ఈజిప్టు శిల్పంలోని బిగువు చేతకానితనం కాదనీ, కట్టడానికి తగినట్టు తెలిసి చేసినదనీ అతను ఆ గ్రంథపు పీఠికలోనే వాదించాడు. రోములో ఒక ఫౌంటెను దగ్గరున్న ఈజిప్టు సింహాలను సాక్ష్యంగా చూపించాడు. నిప్పుగూళ్ళ పుస్తకంలో ఇంతటి వాదం రావడం విచిత్రమే!

1798లో నెపోలియన్ సైన్యం ఈజిప్టు మీద దండెత్తింది. ఫిరంగుల వెనకే చిత్రకారులు, వారి వెనకే ఫ్యాషను. పిరనేసి చేయించిన నిప్పుగూటిని కొన్న బ్యాంకరు కొడుకు థామస్ హోప్ లండన్ ఇంట్లో ఏకంగా ఒక ఈజిప్టు గదినే అమర్చుకున్నాడు. ఆయనే 1807 నాటి తన గ్రంథంలో హెచ్చరించాడు: కఠినశిల గాంభీర్యాన్ని సున్నంతో, గుడ్డతో, కాగితంతో అనుకరించవద్దని, అర్థంకాని లిపి వల్ల మనకు కలిగే ఆనందం స్వల్పమని. ధనికుని నోట వచ్చినా అది సరైన విమర్శే.

1822లో షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పాడు. క్రమంగా, చిత్రలిపి నుంచి పుట్టిన గొలుసురాతలో ఉన్న పత్రాలూ చదవడం సాధ్యమైంది. వాటిలో ఒకటి మూడవ రామెసెస్ ఏలుబడి 29వ సంవత్సరం నాటిది. రాజుల సమాధులు తొలిచి, చిత్రించే పనివాళ్ళు ధాన్యం బత్తెం అందక పని మానేసి గుడి వెనక బైఠాయించారని అందులో ఉంది. ఆకలిదప్పులు తాళలేక వచ్చామనీ, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదనీ వాళ్ళు చెప్పిన మాటలను గ్రామ లేఖకుడు రాసిపెట్టాడు. ఆ పపైరస్ ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.