చిన్నాన్న గొంతు

"ఫార్మాట్ కొట్టీమంటారా?"

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఓ రిపేరు షాపులో కుర్రాడు ఆ మాట అనేసరికి చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బల్ల మీద చిన్నాన్న లాప్‌టాప్. తెర మీద ఆయన పేరు, దాని కింద పాస్‌వర్డ్ కోసం ఖాళీ గడి. ఆయన పెద్దకర్మ అయి అప్పటికి పది రోజులు.

"కొట్టీస్తే కొత్తదానిలా అయిపోద్దండి."

"మరి లోపలున్నవో?"

"అవి పోతాయండి."

చెల్లి లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. "పద అన్నయ్యా."

చిన్నాన్న తెలుగు మాస్టారు. రిటైరయ్యాక రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళ నోట మాటలు ఏరేవారు. బుగత, కంబారి, గెడ్డ, గుంట... ఏ మాట ఎవరన్నారో, ఏ ఊళ్ళో విన్నారో రాసుకునేవారు. జముకుల కథలు చెప్పేవాళ్ళను ఫోన్లో రికార్డు చేసి లాప్‌టాప్‌లోకి ఎక్కించేవారు. సవర మాటలకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మాది. 1997లో కథకుడు కారా మాస్టారు తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం తెరిచింది మా ఊళ్ళోనే. ఆ గాలి చిన్నాన్నకీ సోకింది. 1915లో గురజాడ పోయాక, దశాబ్దాలకు ఆయన డైరీలు అచ్చయ్యాయి. కాగితం మీదున్నాయి కాబట్టి దొరికినవాళ్ళు చదవగలిగారు. చిన్నాన్న పదేళ్ళ తిరుగుడు మాత్రం ఆ ఖాళీ గడి వెనక ఉండిపోయింది.

ఆ రాత్రి విజయనగరంలో చెల్లి ఇంట్లో కూర్చున్నాం. చెల్లి పుట్టినరోజు కొట్టాం, నానమ్మ పేరు కొట్టాం, బడి పేరు కొట్టాం. ఏదీ కాదు. ఆయన పంచాంగం పేజీ పేజీ తిరగేశాం. అంచుల్లో పాల లెక్క ఉంది, గ్యాస్ బుక్ చేసిన తేదీ ఉంది. పాస్‌వర్డ్ లేదు.

నాకు నార్వే సంగతి గుర్తొచ్చింది. అక్కడి ఈవార్ ఓసెన్ భాషా కేంద్రంలో యూపెదాల్ అనే పండితుడి గ్రంథ సంపద ఉంది. దాని పట్టికను కంప్యూటర్లోకి ఎక్కించినాయన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండానే పోయాడు. పదకొండు వేలకు పైగా పుస్తకాల వివరాలు అందులో ఉండిపోయాయి. 2002లో ఆ కేంద్రం వాళ్ళు సిగ్గుపడకుండా లోకాన్ని సాయం అడిగారు. గంటల్లోనే జవాబు వచ్చింది. పండితుడి ఇంటిపేరును చివరి అక్షరం నుంచి వెనక్కి రాస్తే, అదే పాస్‌వర్డ్. మేమూ మా ఇంటిపేరు తిరగేసి కొట్టాం. తెరుచుకోలేదు.

పదిన్నరకి బావగారు డ్యూటీ నుంచి వచ్చారు. కాలేజీలో కంప్యూటర్లు చూసేది ఆయనే.

"పాస్‌వర్డుతో మనకేటి పని బావా? అది వీధి తలుపు తాళం. బీరువాకి కూడా తాళం వేసుంటేనే భయం."

ఆయన చెప్పింది ఇది. విండోస్ పాస్‌వర్డ్ మనిషిని గుమ్మంలోనే ఆపుతుంది, లోపల డిస్కు మీద ఫైళ్ళు మామూలుగానే ఉంటాయి. బిట్‌లాకర్ వేసి ఉంటే మాత్రం డిస్కంతా గుప్తలిపిలో ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ కావాలి. ఈమధ్య వచ్చే విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావరకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టగానే ఆ తాళం తామే వేసేసుకుంటాయి, కీ ఆ ఖాతాలో ఉంటుంది. చిన్నాన్నది పాత విండోస్ 10. బిట్‌లాకర్ లేకపోతే మన అదృష్టం.

బావగారు లాప్‌టాప్ బోర్లించి, స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి స్టీలు పళ్ళెంలో వేశారు. ముందు బ్యాటరీ వైరు ఊడదీశారు. అరచేతిలో పట్టే హార్డ్‌డిస్కు బయటికొచ్చింది. దాన్ని కేబుల్‌తో తన లాప్‌టాప్‌కి కలిపారు. చిన్నాన్న పేరున్న ఫోల్డరు నొక్కితే, అనుమతి లేదంది. కొనసాగించమని నొక్కారు. ఆకుపచ్చ గీత చీమలా పాకింది. ముగ్గురం దాన్నే చూస్తూ నించున్నాం.

తెరుచుకుంది.

చెల్లి మొదట కనబడిన రికార్డింగు నొక్కింది. ముందు కోడి కూసింది. తర్వాత చిన్నాన్న గొంతు, "చెప్పమ్మా, భయపడకు" అని. ఆ వెనక ఎవరో ముసలమ్మ గొంతు సవరించుకుంది. చెల్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడిపోయింది. బావగారు ఆపబోతే, "ఉండనీండి" అంది.

కాపీ అయ్యేసరికి తెల్లవారుజాము మూడైంది.

ఒక మాట. చెల్లి చిన్నాన్న కూతురు గనక, చెల్లి అమ్మమ్మగారి వైపూ మా వైపూ అందరం ఒప్పుకున్నాం గనక ఈ పని చేశాం. పరాయివాళ్ళ కంప్యూటరు అనుమతి లేకుండా తెరవడం 2000 నాటి ఐటీ చట్టానికి విరుద్ధం, దురుద్దేశంతో చేస్తే నేరం.

ఇప్పుడా మాటలూ పాటలూ రెండు చోట్ల ఉన్నాయి, ఒకటి విజయనగరంలో, ఒకటి మా ఇంట్లో. మీ ఇంట్లో కూడా ఇలా రాసుకునే, పాడి దాచుకునే పెద్దాయనో పెద్దావిడో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఆ పాస్‌వర్డూ, ఆ 48 అంకెలూ ఒక కాగితం మీద రాయించి దాచండి. ఎవరైనా ఫార్మాట్ అంటే, ముందు డిస్కు తీసి చూడమని అడగండి.