శాసనంలో లేని సరుకు

సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ ముందు నిలబడితే ముందుగా కంటికి ఆనేది సెలడాన్ పచ్చదనం. లేత తమలపాకుకీ చెరువునీటికీ మధ్య ఉండే రంగు అది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణతో 1951 డిసెంబరు 16న తలుపులు తెరిచిన ఈ మ్యూజియం మనకు ఎంతో మేలు చేసింది. దాంతోపాటు తనకు తెలియకుండానే ఒక అపోహ కూడా నాటింది. చైనా కూజాలు తెలుగు నేలకు నవాబుల ముచ్చటగా వచ్చాయని, మామూలు జనానికీ వాటికీ సంబంధం లేదని మనం అనుకుంటున్నాం. నేను అలా అనుకోను. హైదరాబాద్ పుట్టడానికి మూడు నాలుగు వందల ఏళ్ల ముందే ఈ పాత్రలు మన తీరంలో సరుకుగా దిగాయి. ఇక్కడివాళ్లను ముందు ఆకట్టుకున్నది వాటి పనితనం, ఆ తర్వాతే అందం.

పనితనం అంటే ఏమిటో తెలియాలంటే పెంకు విరిగిన అంచు చూడాలి. కొండ నుంచి కడలిదాకా ఏ ఊళ్లో దొరికిన పాత కుండపెంకు మీదైనా ఒక నీటిచుక్క వేస్తే చూస్తుండగానే ఇంకిపోతుంది. కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీలు దాటదు కాబట్టి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఆ రంధ్రాల పుణ్యమే. ఉప్పూ నూనే పులుపూ నెలల తరబడి నిలవ పెడదామంటే మాత్రం అవే శత్రువులు. సెలడాన్ పాత్రలు తయారైన, చైనా చెజియాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌చువాన్ బట్టీల దారి వేరు. కొండవాలు వెంట పాములా సాగే ఆ పొడవాటి బట్టీల్లో వేడి 1,200 డిగ్రీలు దాటేది. మట్టి కరిగీ కరగనట్టుగా గట్టిపడి రాయి అయ్యేది. అందుకే ఈ రకాన్ని స్టోన్‌వేర్ అన్నారు. దాని అంచులో బూడిదరంగు గట్టి మట్టి, దాని మీద గాజులాంటి పచ్చటి పూత విడివిడిగా కనిపిస్తాయి. చుక్క వేస్తే అక్కడే నిలుస్తుంది. పచ్చదనానికి కారణం పూతలోని కొద్దిపాటి ఇనుము. బట్టీకి గాలి బిగిస్తే మంట ఆ ఇనుములోని ప్రాణవాయువును లాగేసుకుంటుంది, పూత పచ్చబడుతుంది. పాత్ర అడుగున పూత లేని చోట బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి, అదే ఇనుము ఇటుకరంగుకు తిరుగుతుంది. ఒకే పాత్ర మీద ఆ పచ్చనీ ఈ ఎరుపునీ చూస్తే బట్టీవాడి చేతిపట్టు తెలుస్తుంది.

ఇప్పుడు తీరానికి వద్దాం. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు జప్తు చేసేవారని, తాను కట్టడి చేసిన సుంకం మాత్రమే తీసుకుంటానని రాజు అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం. గంధం, చీని కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, మిరియాలు, ఇలా సరుకుల పేర్లు సాగుతాయి. పింగాణీ మాట లేదు. తర్వాతి కాలంలో శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయ్యసెట్టి వర్తకాన్ని పొగుడుతూ చైనా పట్టును చెప్పాడు, పాత్రలను చెప్పలేదు. మట్టి మాత్రం దాచుకోలేదు. మోటుపల్లిలోనూ నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరాషిమా దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఇలాంటి పెంకుల కోసమే పనిగట్టుకుని వెతికించాడు. శాసనం మౌనాన్ని నేను అర్థం చేసుకునేది ఇలా: తూకానికి పెద్ద ధర పలికే సరుకుకే విడిగా లెక్క ఉండేది, బరువుగా ఓడ అడుగున సర్దుకొచ్చే పాత్రలు ఆ ముప్పయ్యో వంతులో కలిసిపోయేవి.

రేవుల్లో దొరికిన పెంకులు ఓడ సిబ్బంది తిని పారేసిన పళ్లేలవి కావచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని అలాంటివే అయివుంటాయి. అయితే ఆ కాలపు రవాణా ఎంత పెద్దదో కొరియా తీరంలోని సినాన్ దగ్గర మునిగిన ఓడ చెబుతుంది. 1323లో జపాన్‌కు బయలుదేరిన ఆ ఒక్క ఓడలో ఇరవై వేలకు పైగా పింగాణీ వస్తువులు దొరికాయి, సగానికి పైగా లాంగ్‌చువాన్ సెలడానే. సిబ్బంది భోజనానికి అన్ని పళ్లేలు అక్కర్లేదు. సముద్రానికి అంత దూరాన ఉన్న హంపి రాచనగరిలోనూ చైనా పింగాణీ ముక్కలు దొరికాయంటే సరుకు రేవు దాటి లోపలికి నడిచిందన్నమాట.

మడి పాటించే ఇళ్లలో పరదేశపు పళ్లెంలో అన్నం తిన్నారా అన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. తిని ఉండరనే నేనూ అంటాను. విస్తరాకు ఉన్న నేలలో పళ్లెం అవసరమే తక్కువ. కానీ జాడీ సంగతి వేరు. అందులో తినరు, నిలవ చేస్తారు. అది చేసే మేలు కుండ చేయలేనిది. చైనాలోనూ కథ ఇలాగే మొదలైంది. ఈరోజు పూలకూజాగా పేరుపడ్డ మేపింగ్‌ను చూడండి. సన్నటి మూతి, విశాలమైన భుజాలు. సోంగ్ రాజవంశ కాలంలో అది మూత పెట్టి మద్యం దాచుకునే పాత్ర. కొమ్మ గుచ్చి అలంకరించడం తర్వాతి ముచ్చట.

అరుదైనదే గొప్పదన్న నమ్మకం కూడా ఇక్కడ అడ్డొస్తుంది. సోంగ్ ఆస్థానం కోసం దాదాపు ఇరవై ఏళ్లు మాత్రమే తయారైన రూ పాత్రలు ప్రపంచమంతటా వందలోపే మిగిలాయి. 2017లో హాంకాంగ్ వేలంలో అలాంటి చిన్న గిన్నె ఒకటి 29 కోట్ల 43 లక్షల హాంకాంగ్ డాలర్లు పలికింది. ఆ నీలిపచ్చ పూతకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ అది గడప దాటని వస్తువు. మన తీరానికి వచ్చింది ఓడల కొద్దీ తయారైన దాని చుట్టం.

దక్కను దర్బారుల్లో ఈ పచ్చ పళ్లేలను ఘోరీ అన్నారు. విషం కలిసిన అన్నం వడ్డిస్తే అవి రంగు మారతాయని లేదా పగులుతాయని నమ్మారు. పూత గాజులాంటిది, విషానికి చలించదు. అయినా ఆ నమ్మకం నా వాదనకే సాక్ష్యం: నవాబు కూడా దాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు, అన్నం పెట్టించుకున్నాడు. బర్మాలోని మార్తబాన్ రేవు మీదుగా వచ్చేవని వీటికే మర్తబానీ అని మరో పేరు. మన పింగాణీ అన్న మాటా చైనాది కాదు, గిన్నె అని అర్థమిచ్చే పారసీ పింగాన్ నుంచి వచ్చింది. ఇంగ్లీషువాడు ఆ వస్తువును దేశం పేరుతో పిలిచాడు. మనం దాన్ని గిన్నె అనే పిలిచాం.