ఫ్రీజర్ చల్లగా, ఫ్రిజ్ వెచ్చగా: ఒక లోపం పుట్టుపూర్వోత్తరాలు

డీప్ ఫ్రీజర్‌లో ఐస్ గట్టిగానే ఉంటుంది, కింది అరల్లో పాలు విరిగిపోతాయి, దోసెల పిండి రాత్రికి రాత్రే పులిసి గిన్నె దాటి పొంగుతుంది. ఇళ్లలోని ఫ్రిజ్‌లకు తరచుగా వచ్చే లోపాల్లో ఇదొకటి. కంప్రెసర్ ఆడుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. గ్యాస్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు గ్యాస్ నిండుగానే ఉంటుంది, ఆగిపోయింది గాలి. రెండు రకాల చల్లదనం కావలసిన రెండు గదులను ఒకే కాయిల్‌తో నడపడంలోనే ఈ లోపానికి మూలం ఉంది. ఆ రెండు గదులను కలిపే పద్ధతి మారినప్పుడల్లా లోపం కూడా రూపు మార్చుకుంది.

కరెంటు ఫ్రిజ్ కంటే ముందే దీని ఛాయలు కనిపిస్తాయి. 19వ శతాబ్దపు అమెరికా ఇళ్లలో ఐస్ పెట్టెలు ఉండేవి. అవి లోపల రేకు తాపడం చేసి, గోడల మధ్య రంపపు పొట్టు దట్టించిన చెక్క బీరువాలు. మంచు దిమ్మను సాధారణంగా పై అరలో పెట్టేవారు. దాన్ని తాకి చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగేది, వెచ్చని గాలి పైకి చేరేది. దిమ్మలను చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసి తెచ్చేవారు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో అలాంటి మంచును ఓడలో కలకత్తాకు కూడా చేర్చాడు. మద్రాసు సముద్రతీరంలో ఆయన వ్యాపారం కోసం కట్టిన ఐస్ హౌస్ నేటికీ వివేకానందర్ ఇల్లం పేరుతో నిలిచి ఉంది. మంచు ఖరీదైన వస్తువు. తొందరగా కరిగిపోకూడదని కొందరు దిమ్మను కాగితాల్లో, గుడ్డల్లో చుట్టిపెట్టేవారు. దాంతో దిమ్మ మిగిలేది, పాలు పాడయ్యేవి. చల్లదనం పుట్టే చోటుకు, అది అవసరమైన చోటుకు మధ్య గాలి ఆడకపోతే ఏమవుతుందో అప్పటికే తేలిపోయింది.

యంత్రాలు వచ్చాక కూడా బీరువా ఆకారం వెంటనే మారలేదు. షికాగోలో ఫ్రెడ్ వుల్ఫ్ 1913లో తెచ్చిన యంత్రాన్ని ఐస్ పెట్టె మీదే బిగించేవారు. 1918 నుంచి కెల్వినేటర్ అమ్మిన తొలి యంత్రాల్లో కంప్రెసర్‌ను ఇంటి కింది గదిలో ఉంచి, కాయిల్‌ను ఐస్ పెట్టెలో దిమ్మ ఉండే చోట అమర్చేవారు. మోటారు, కంప్రెసర్ రెండింటినీ సీలు చేసిన డబ్బాలో పెట్టి జనరల్ ఎలక్ట్రిక్ 1927లో విడుదల చేసిన ‘మానిటర్ టాప్’ పది లక్షలకు పైగా ఇళ్లకు చేరింది. ఐస్ ట్రేలు పట్టేలా కాయిల్‌ను చిన్న పెట్టెగా మలచడంతో ఫ్రీజర్ ఏర్పడింది. మంచు దిమ్మ ఉన్న పై స్థానమే దానికీ దక్కింది.

దిమ్మకు, కాయిల్‌కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. దిమ్మ కరిగిపోతుంది. కాయిల్ సున్నా కంటే బాగా తక్కువ ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి గాలిలోని తేమంతా దాని మీద మంచుపొరగా పేరుకుంటుంది. ఆ పొర కంబళిలా అడ్డుపడి చల్లదనాన్ని కింది అరలకు దిగనివ్వదు. పెట్టె లోపల ఐస్ మాత్రం చెక్కుచెదరదు. ఫ్రిజ్ ఆపేసి, వేడినీళ్ల గిన్నె పెట్టి మంచు కరిగించడం అందుకే ఇంటిపనుల్లో ఒకటైంది. ఓపిక లేక కత్తితో గీకితే కాయిల్‌కు చిల్లు పడేది. తొలినాటి యంత్రాల్లో వాడిన సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు విషవాయువు, చిల్లు పడితే ఇంట్లో ఉండలేరు. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం రూపొందించిన ఫ్రియాన్ వాయువు ఆ భయాన్ని తీర్చింది. అది ఓజోన్ పొరకు చేసే హాని తెలిశాక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాని వాడకానికి కళ్లెం పడింది.

రెండు గదుల ఉష్ణోగ్రతల మధ్య తేడాను పెంచింది తిండి వ్యాపారం. క్లారెన్స్ బర్డ్స్‌ఐ పద్ధతిలో గడ్డకట్టించిన ఆహారం 1930లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. దాన్ని నెలల తరబడి ఉంచాలంటే మైనస్ 18 డిగ్రీలు కావాలి, కూరగాయలకు, పాలకు 3, 4 డిగ్రీలు చాలు. జనరల్ ఎలక్ట్రిక్ 1939లోనే రెండు ఉష్ణోగ్రతల ఫ్రిజ్ తెచ్చినా, గీకే పని తప్పలేదు.

ఆ పనిని తప్పించే ‘ఫ్రాస్ట్ ప్రూఫ్’ ఫ్రిజ్‌ను ఫ్రిజిడేర్ 1958లో అమ్మకానికి పెట్టింది. ఈ రకంలో కాయిల్ కంటికి కనిపించదు, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. ఫ్యాన్ గాలిని కాయిల్ రెక్కల మధ్య నుంచి లాగి ఎక్కువ భాగాన్ని ఫ్రీజర్‌లోకి, కొద్ది భాగాన్ని డ్యాంపర్ అనే చిన్న తలుపు గుండా కింది గదిలోకి పంపుతుంది. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక టైమర్ దాన్ని ఆపి కాయిల్ దగ్గరి హీటర్‌ను వెలిగిస్తుంది. మంచు కరిగి నీరు గొట్టం గుండా వెనక పళ్లెంలోకి పోతుంది. కాయిల్ తగినంత వేడెక్కగానే బైమెటల్ స్విచ్ హీటర్‌ను ఆపుతుంది. గృహిణుల శ్రమను ఇంతగా తగ్గించిన ఏర్పాట్లు ఫ్రిజ్ చరిత్రలో తక్కువ. అయితే కింది గది బతుకు పూర్తిగా ఆ ఫ్యాన్ మీద, ఆ హీటర్ మీద ఆధారపడింది.

హీటర్ తెగినా, బైమెటల్ పాడైనా, ఫ్యూజు పోయినా, టైమర్ నిలిచిపోయినా మంచు కరగదు. కొద్ది రోజుల్లో కాయిల్ రెక్కలు పూడుకుపోతాయి. కాయిల్ పక్కనే ఉన్నందువల్ల ఫ్రీజర్ మరికొన్నాళ్లు చల్లగానే ఉంటుంది, గాలి మీదే బతికే కింది గది ముందు వేడెక్కుతుంది. ఫ్యాన్ ఆగినా, డ్యాంపర్ మూసుకుపోయి బిగిసినా, గాలి రంధ్రాలకు అడ్డంగా సంచులు కుక్కినా లక్షణం అదే. పలక విప్పితే మంచే కారణం చెబుతుంది. కాయిల్ అంతటా దట్టంగా పట్టి ఉంటే డీఫ్రాస్ట్ (మంచు కరిగించే ఏర్పాటు) లోపం, మొదటి ఒకటి రెండు వరసల్లోనే ఉండి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తక్కువ. మంచు పలచగా, సమానంగా ఉంటే ఫ్యాన్‌నూ డ్యాంపర్‌నూ చూడాలి. ఫ్రిజ్‌ను ఒక రోజు ఆపి, తలుపులు తెరిచి ఉంచితే మంచు కరిగి, కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ మొదటికొస్తుంది. ఇది డీఫ్రాస్ట్ లోపానికి బలమైన ఆనవాలు. అవసరం లేకుండా గ్యాస్ ఎక్కించినా ఆ కాసేపు ఫ్రిజ్ ఆగి ఉండటంతో మంచు కరిగి రోగం నయమైనట్టే కనిపిస్తుంది. ఈ భ్రమ వల్ల ఎందరి డబ్బో వృథా అవుతోంది.

భారతదేశంలో 1958లో గోద్రెజ్ ఫ్రిజ్‌ల తయారీ ప్రారంభించింది. 1942లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కూడా తర్వాత ఈ రంగంలోకి దిగింది, తెలుగు ఇళ్లలో ఆల్విన్ ఫ్రిజ్ ఒక తరానికి గుర్తు. ఫ్యాన్ లేని ఒంటి తలుపు డైరెక్ట్ కూల్ రకంలో థర్మోస్టాట్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్‌ను మనిషే గుర్తుపెట్టుకుని నొక్కాలి. వాటిలో కింద వెచ్చబడితే ముందు చూడవలసింది పేరుకున్న మంచును, ఆ తర్వాత తలుపు గ్యాస్కెట్‌ను, అప్పుడు గ్యాస్‌ను. 1990లలో మార్కెట్ తెరుచుకుని శామ్‌సంగ్, ఎల్‌జీ వంటి విదేశీ కంపెనీలు వచ్చాక మంచు దానంతట అదే కరిగే రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ రకం మధ్యతరగతి ఇళ్లలోకి పాకింది. డైరెక్ట్ కూల్‌తో చేయి తిరిగిన మెకానిక్‌లు గ్యాస్ పనితో పాటు హీటర్, టైమర్, ఫ్యాన్ పనీ నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో టైమర్ స్థానంలో ఎలక్ట్రానిక్ బోర్డు, సెన్సర్లు ఉన్నాయి. కొన్ని ఖరీదైన ఫ్రిజ్‌లలో ఫ్రీజర్‌కు, కింది గదికి విడివిడి కాయిల్స్, విడివిడి ఫ్యాన్లు పెడుతున్నారు. అలాంటి వాటిలో ఫ్రీజర్ బాగుండి కింద వెచ్చబడితే కింది గది కాయిల్‌ను, ఫ్యాన్‌ను, సెన్సర్‌ను, గ్యాస్‌ను అటు మళ్లించే వాల్వ్ ఉంటే దాన్నీ పరీక్షించాలి. నేటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఐసోబ్యూటేన్ మండే వాయువు. కాబట్టి కాయిల్ మీది మంచును కత్తితో పొడవకూడదు, మంటతో కరిగించకూడదు. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, దానంతట దాన్ని కరగనివ్వాలి.