మూడు లక్షల వాటా నుంచి బ్యాంకు అప్పు దాకా

1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి భీమ్‌రావ్ అంబేడ్కర్‌కు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు ఉపకారవేతనం మంజూరు చేసింది. ప్రతిగా, చదువు ముగిశాక పదేళ్లు సంస్థానం కొలువులో పనిచేస్తానని ఆయనచేత ఒడంబడిక రాయించుకుంది. 1917లో ఆ మాట ప్రకారమే ఆయన బరోడా వెళ్లారు. అంటరానివాడికి ఆ నగరంలో అద్దెకు గది దొరకలేదు. పార్సీల సత్రంలో మారుపేరుతో తలదాచుకుంటే, సంగతి బయటపడగానే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఉద్యోగం కొద్ది రోజుల ముచ్చటే అయింది. చదువుకు డబ్బిచ్చిన సంస్థానం, చదువుకున్నవాడికి తలదాచుకునే చోటు చూపలేకపోయింది.

ఉన్నత విద్యకు ఎవరు డబ్బు పెట్టాలి, ఏ షరతు మీద పెట్టాలి అన్న ప్రశ్న ఈ దేశంలో మొదటినుంచీ కులంతో పెనవేసుకునే ఉంది. పేద విద్యార్థిని ఆదుకునే సంప్రదాయం లేకపోలేదు. తెలుగునాట ఇంటికొక పూట చొప్పున భోంచేస్తూ, వారాలు చేసుకుని చదువుకున్నవారి కథలు ఆత్మకథల నిండా కనిపిస్తాయి. అయితే వారం ఇచ్చే ఇంటి గడప అందరికీ దాటరానిదే. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలిసింది. ఇతర కులాలూ తమ పిల్లలకోసం వసతి గృహాలు కట్టుకున్నాయి. ఆయా కులాల్లో కూడబెట్టుకున్న సంపద ఉన్నమేరకు ఆ దాతృత్వం పనిచేసింది. సంపదే లేని కులాల సంగతేమిటన్నదానికి అందులో జవాబు లేదు. మహారాష్ట్రలో భావురావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ మాత్రం మరో దారి తొక్కింది: అన్ని కులాల పిల్లలూ ఒకే వసతి గృహంలో ఉండి, పొలంలో పనిచేసుకుంటూ, ఆ కష్టార్జితంతో చదువుకోవడం. సంపాదిస్తూ చదవడమన్న ఆ ఆలోచన ఆ సంస్థకు పునాది అయింది గాని, దేశవ్యాప్త ప్రభుత్వ విధానం ఎన్నడూ కాలేదు.

ఈ కథ మలుపు తిరిగింది 1942లో. ఆ ఏడాది వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడైన అంబేడ్కర్, అక్టోబరు నెలాఖరులో లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డు కులాల ఇబ్బందులపై ఒక సుదీర్ఘ వినతిపత్రం అందజేశారు. అందులో విద్య గురించిన భాగం వినతి ధోరణిలో ఉండదు, లెక్కల ధోరణిలో ఉంటుంది. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా చెరొక 3 లక్షల రూపాయలు గ్రాంటుగా ఇస్తున్నప్పుడు, ఆ రెంటిలో దేని నీడా దక్కని ప్రజలకు రావలసింది ఎంత అన్నది ఆయన ప్రశ్న. దేశంలో శాస్త్ర, సాంకేతిక విద్య చదివేవారికి ఏటా 2 లక్షలు, విదేశాల్లో చదివేవారికి లక్ష కేటాయించాలని ఆయన అడిగారు. బరోడా మహారాజు దయతో చదువుకున్న మనిషి దయ అనే మాటే ఎత్తకుండా ఖజానాలో వాటా అడిగాడన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. మెట్రిక్ అనంతర ఉపకారవేతనాల పథకం 1944లో మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేలోగా షెడ్యూల్డు తెగలకూ, ఇతర వెనుకబడిన వర్గాలకూ కేంద్ర ఉపకారవేతనాలు విస్తరించాయి.

ఈ పథకానికి ఒక విశిష్ట లక్షణం ఉంది. ఇది ప్రతిభకు బహుమతి కాదు. పరిమిత సంఖ్యలో ఇచ్చే పురస్కారమూ కాదు. అర్హత ఉన్న ప్రతి షెడ్యూల్డు కులాల విద్యార్థికీ అందాలన్న సూత్రం మీద అది ఎదిగింది. తొలితరం దళిత ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇంజనీర్లు, అధికారులు అసంఖ్యాకంగా ఆ డబ్బుతో, సాంఘిక సంక్షేమ వసతి గృహాల కూటితో చదువుకున్నవారే. రిజర్వేషన్ల మీద జరిగినంత చర్చ ఈ పథకం మీద ఎన్నడూ జరగలేదు. నిజానికి కళాశాల మెట్లెక్కించేది ఉపకారవేతనం. రిజర్వేషన్ వంతు ఆ తరవాతే వస్తుంది.

ఇదే కాలంలో అమెరికా మరో నమూనాను నిర్మించుకుంది. స్పుత్నిక్ దెబ్బకు ఉలిక్కిపడి 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టం తెచ్చి, తక్కువ వడ్డీకి విద్యార్థులకు ఫెడరల్ అప్పులివ్వడం మొదలుపెట్టింది. 1964లో దారిద్య్ర నిర్మూలన చట్టంలో భాగంగా, కళాశాలలోనే పనిచేసి సంపాదించుకునే వర్క్-స్టడీ వచ్చింది. 1965 నవంబరులో లిండన్ జాన్సన్ ఉన్నత విద్యాచట్టంపై సంతకం చేశారు. అందుకాయన ఎంచుకున్న చోటు టెక్సాస్‌లోని శాన్ మార్కస్. తాను ఊడ్చి, తుడిచి, ఫీజు కట్టుకుని చదివిన కళాశాల అదే. 1972 నుంచి నేరుగా విద్యార్థి పేరిటే వచ్చిన గ్రాంటును తరవాత సెనేటర్ పెల్ పేరుతో పిలిచారు. గ్రాంటు, పని, అప్పు అనే మూడు కాళ్ల పీట అది. 1970ల నడుమ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువుకయ్యే ఖర్చులో 75 శాతానికి పైగా భరించగలిగిన గరిష్ఠ పెల్ గ్రాంటు, ఇప్పుడు దాదాపు 30 శాతానికి కుదించుకుపోయింది. మిగిలినదంతా అప్పు కాలిమీదే నిలబడింది. ఆ పీటలో పరాయి దేశస్థులకు చోటు లేదు గనుక, అక్కడ చదివే తెలుగు పిల్లల అప్పు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంటి దస్తావేజులు తాకట్టుపెట్టి పుట్టవలసిందే.

అమెరికా చట్టం ఛాయలు ఢిల్లీ మీద పడకపోలేదు. 1963లో కేంద్రం జాతీయ రుణ ఉపకారవేతనాల పథకం ప్రారంభించింది. వడ్డీ లేని అప్పు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరినవారికి ఏడాదికి పదోవంతు చొప్పున మాఫీ. ఉపాధ్యాయులకు అప్పు తగ్గించడమన్న ఆ ఆలోచన 1958 నాటి అమెరికా చట్టంలో ఉన్నదే. పథకం రాష్ట్ర విద్యాశాఖల ద్వారా నడిచింది, వసూళ్లు మాత్రం నామమాత్రంగా మిగిలిపోయాయి. ప్రభుత్వ కార్యాలయం వడ్డీవ్యాపారి కాదు. ఊళ్లు మారిన పట్టభద్రుణ్ణి పదేళ్ల తరవాత వెతికి పట్టుకునే యంత్రాంగం దానికి లేదు, పట్టుకున్నా నిరుద్యోగి దగ్గర రాబట్టేదేమీ లేదు. 1990ల ఆరంభానికి ఆ పథకం నిశ్శబ్దంగా మూతపడింది. విచిత్రమేమంటే, విద్యారుణం విఫలమైందని రుజువైన ఆ సమయంలోనే అసలు విద్యకు మార్గం రుణమేనన్న సిద్ధాంతం ఊపందుకుంది.

1991 సంస్కరణల తరవాతి నివేదికల వరుస చూస్తే ఆ ప్రయాణం కళ్లకు కడుతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పున్నయ్య అధ్యక్షతన యూజీసీ నియమించిన కమిటీ, విశ్వవిద్యాలయాలు తమ పునరావృత వ్యయంలో అయిదేళ్లకు 15 శాతం, పదేళ్లకు 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలని 1993లో సూచించింది. మరుసటి ఏడాది సాంకేతిక విద్యపై స్వామినాథన్ కమిటీ విద్యాభివృద్ధి బ్యాంకు ఊసెత్తింది. 2000 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి వాణిజ్య, పరిశ్రమల మండలికి ముకేశ్ అంబానీ, కుమారమంగళం బిర్లా సమర్పించిన నివేదిక, చదువుకునేవాడే ఖర్చు భరించాలని తేల్చిచెప్పింది. స్తోమత లేనివారికి అప్పు, అత్యంత వెనుకబడినవారికి మాత్రం గ్రాంటు. ఈలోగా న్యాయస్థానాలూ తమ పాత్ర పోషించాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు, పేమెంటు సీట్లు అని సగం సగం విడదీసి, ఒకరి ఫీజు మరొకరు మోసే ఏర్పాటు చేసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఏర్పాటును కొట్టేసింది. ఫీజు నిర్ణయంలో యాజమాన్యాలకు స్వేచ్ఛ పెరిగింది. పేదవాడి ఫీజు మోసే బాధ్యత ధనిక సహాధ్యాయి భుజం మీదనుంచి దిగి, బ్యాంకు కౌంటరు ముందు నిలబడింది.

2001-02 బడ్జెట్‌లో యశ్వంత్ సిన్హా ప్రకటించిన విద్యారుణ పథకం ఆ కౌంటరును తెరిచింది. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా ప్రకారం దేశంలో చదువుకు 7.5 లక్షలు, విదేశాల్లో చదువుకు 15 లక్షలు. 4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు. ఆపైన మూడో వ్యక్తి పూచీ, ఇంకా పైన ఆస్తి. చదువు ముగిసిన ఏడాదికి గాని, ఉద్యోగం దొరికిన ఆరు నెలలకు గాని, ఏది ముందైతే అప్పుడు వాయిదాలు మొదలు. 1963 నాటి అప్పుతో పోలిస్తే మారినది మొత్తమొక్కటే కాదు. అప్పటి రుణదాత రాజ్యం. వడ్డీ లేదు, ఉపాధ్యాయుడైతే మాఫీ ఉంది. ఇప్పటి రుణదాతకు మొండిబకాయిల పద్దు ఉంది. తండ్రి ఆదాయం, కళాశాల పేరు, కోర్సు విలువ చూసి అప్పిస్తాడు. 2009 నుంచి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు చదువుకునే కాలంలో వడ్డీని కేంద్రం భరిస్తున్నది. అది మేలే. కాని ఆ సాయానికి అర్హత పొందాలంటే ముందు అప్పు పుట్టాలి.

ఈ నేపథ్యంలోనే ఆంధ్రప్రదేశ్ ప్రయోగాన్ని చూడాలి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09లో ఫీజు రీయింబర్స్‌మెంటును వెనుకబడిన తరగతులకూ, ఇతర పేదలకూ విస్తరించినప్పుడు, ప్రైవేటు కళాశాల ఫీజును ఖజానా నుంచి చెల్లించే విధానం ఊహించని స్థాయికి చేరింది. రైతుకూలీల ఇళ్లలో ఇంజనీర్లు పుట్టారన్నది నిజం. నాణ్యతలేని కళాశాలలు ఆ డబ్బు చూసుకునే పుట్టగొడుగుల్లా లేచాయన్నదీ అంతే నిజం. ఈ రెండో నిజాన్ని చెప్పి మొదటిదాన్ని కొట్టేసేవారి పిల్లలు సాధారణంగా రీయింబర్స్‌మెంటు అవసరం లేనివారే.

అయితే ఖజానా ఎవరిది? ఇక్కడే సమాఖ్య లెక్క అడ్డం తిరిగింది. షెడ్యూల్డు కులాల ఉపకారవేతనాల్లో, పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాది అయిన ఖర్చు ఎంతో ఆ మొత్తం తదుపరి ప్రణాళికాకాలంలో రాష్ట్రం నెత్తిన స్థిరపడేది. అంతకుమించిన అదనపు ఖర్చే కేంద్రానిదిగా ఉండేది. అధికార భాషలో దీన్ని కమిటెడ్ లయబిలిటీ అంటారు. ఎక్కువమంది దళిత విద్యార్థులను కళాశాలకు పంపిన రాష్ట్రం మీద తరవాతి ప్రణాళికలో ఎక్కువ భారం పడేదన్నమాట. 2017 మార్చితో పన్నెండో ప్రణాళిక ముగిసి, ప్రణాళికలే రద్దయ్యాక ఈ సూత్రం వికటించింది. పథకం కేంద్రానిదే, పేరు కేంద్రానిదే. ఖర్చులో కేంద్రం వాటా మాత్రం దాదాపు 10 శాతానికి దిగజారింది. రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి. కొన్నిచోట్ల చెల్లింపులు దాదాపు నిలిచిపోయాయి. 2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం 60:40 నిష్పత్తికి ఒప్పుకుని, అయిదేళ్లకు 59,048 కోట్ల అంచనాలో 35,534 కోట్లు తాను భరిస్తానన్నది. దీన్ని చారిత్రక ఔదార్యంగా ప్రకటించుకున్నారు. 1944లో పరాయి ప్రభుత్వం తన ఖజానా నుంచి మొదలుపెట్టిన పథకంలో స్వతంత్ర భారత కేంద్రం అయిదింట మూడు వంతులు మోయడమే ఔదార్యమైంది. కుటుంబ ఆదాయ పరిమితి మాత్రం 2013 నాటి రెండున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది.

గ్రాంటు ఇలా కుంటుతుండగా, విశ్వవిద్యాలయాలనూ అప్పుల బాట పట్టించారు. భవనాలకూ ప్రయోగశాలలకూ గ్రాంటు బదులు రుణమిచ్చేందుకు 2017లో కెనరా బ్యాంకు భాగస్వామిగా హెఫా అనే సంస్థ ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందు, 2015 అక్టోబరులో, నెట్ అర్హత లేని పరిశోధకులకిచ్చే నెలకు 5 వేలు, 8 వేల భృతిని ఆపేయాలని యూజీసీ నిర్ణయిస్తే విద్యార్థులు ఢిల్లీలో ఆ కార్యాలయం ముందే మకాం వేసి కొనసాగింపు సాధించుకున్నారు. మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌కు 2022లో ఆ అదృష్టం దక్కలేదు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి, 860 అగ్రశ్రేణి సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టులేని అప్పు అంటున్నది. ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్నవారికి మూడు శాతం వడ్డీ రాయితీ, అదీ ఏటా లక్షమందికి. ఏడేళ్లకు 3,600 కోట్లు. అర్హులందరికీ అన్న పాత సూత్రానికి బదులు ర్యాంకున్న కళాశాలలో సీటు వచ్చినవారికి అన్న సూత్రం వచ్చింది. జిల్లా కేంద్రంలోని మామూలు డిగ్రీ కళాశాల విద్యార్థి ఆ 860లో ఎక్కడా కనిపించడు.

తెలుగు రాష్ట్రాల్లో మిగిలిన గ్రాంటుకు మరో రోగం పట్టింది: బకాయి. ఫీజు ఇవ్వవలసింది ప్రభుత్వం. తీసుకోవలసింది కళాశాల. ఆ లెక్క తేలేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉంటాయి. ఉద్యోగ నియామక పత్రం చేతపట్టుకున్న విద్యార్థి చివరకు వడ్డీకి తెచ్చి ఫీజు కట్టి వాటిని విడిపించుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ డబ్బును కొంతకాలం తల్లుల ఖాతాల్లో వేసి, అక్కడినుంచి కళాశాలకు కట్టించారు. విడుదల ఆలస్యమైనప్పుడల్లా నిలదీత తల్లికే ఎదురైంది. తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం 2025 నవంబరు మొదటివారంలో మూతపడ్డాయి. కొన్ని రోజుల చర్చల తరవాత కొంత మొత్తం విడుదలకు ప్రభుత్వం మాటివ్వగా తిరిగి తెరుచుకున్నాయి. చర్చల్లో ఒకవైపు మంత్రులు, మరోవైపు యాజమాన్యాలు కూర్చున్నారు. ఎవరి పేరిట ఆ డబ్బు మంజూరవుతున్నదో ఆ విద్యార్థులకు అందులో కుర్చీ వేయలేదు.