అమెరికా స్థానిక ప్రభుత్వాల లాబీయింగ్: లాబీయిస్టుల ఎంపిక, ఒప్పందాల చరిత్ర

అమెరికాలో నగరాలు, కౌంటీలు, నీటి సరఫరా జిల్లాలు, పాఠశాల జిల్లాలు రాష్ట్ర శాసనసభలోను, కాంగ్రెస్‌లోను తమ వాదన వినిపించడానికి రుసుము చెల్లించి లాబీయిస్టులను నియమించుకుంటాయి. ఇది ప్రజల సొమ్ముతో జరిగే నియామకం. అందువల్ల బహిరంగ ప్రకటన, ప్రతిపాదనల మదింపు, కౌన్సిల్ ఓటు, లిఖిత ఒప్పందం అనే నాలుగు దశల్లో దీన్ని పూర్తిచేయడం నేడు సాధారణ పద్ధతి. 19వ శతాబ్దపు లంచాల కుంభకోణాలు, న్యాయస్థానాల తీర్పులు, ఆ తర్వాత వచ్చిన నిధుల పథకాలు, నమోదు చట్టాలు కలిసి దాదాపు 150 ఏళ్లలో ఈ పద్ధతిని రూపొందించాయి.

నగరాల చట్టబద్ధ స్థితి

భారత రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ మున్సిపాలిటీలకు రాజ్యాంగ గుర్తింపు ఇచ్చింది. అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావనే లేదు. 1868లో క్లింటన్ నగరానికీ ఒక రైల్వే కంపెనీకీ మధ్య వచ్చిన వ్యాజ్యంలో అయోవా సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాన్ ఎఫ్. డిల్లన్, నగరాన్ని పుట్టించేది రాష్ట్ర శాసనసభేనని, అది ఇచ్చిన అధికారాలు తప్ప నగరానికి వేరే అధికారాలు ఉండవని తేల్చాడు. దీనికి డిల్లన్ సూత్రమని పేరు వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఆలెగెనీ నగరాన్ని దాని ఓటర్లలో అధికులు వద్దన్నా పిట్స్‌బర్గ్‌లో కలిపేశారు. 1907లో అమెరికా సుప్రీంకోర్టు ఆ విలీనాన్ని సమర్థించి, ఈ సూత్రానికి దేశవ్యాప్తంగా బలం చేకూర్చింది.

1875లో మిస్సోరి రాష్ట్ర రాజ్యాంగం పెద్ద నగరాలకు సొంత చార్టర్ (పాలనా నియమావళి) రాసుకునే స్వపరిపాలన హక్కు ఇచ్చింది. తర్వాత అనేక రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అయినా పన్నులు, అప్పుల పరిమితి, సరిహద్దులు వంటి కీలక విషయాల్లో చివరి మాట శాసనసభదిగానే మిగిలింది. నగరాలు రాజధానికి మనుషులను పంపక తప్పని పరిస్థితికి మూలం ఇదే.

తొలి దశ

19వ శతాబ్దంలో నగరం తరఫున రాజధానికి వెళ్లేవారు ఎక్కువగా నగర న్యాయవాదులు, పలుకుబడి గల పార్టీ నాయకులు. వారి ఎంపికకు నియమావళి ఉండేది కాదు. న్యూయార్క్ నగర రాజకీయాలను శాసించిన విలియం ట్వీడ్ 1870లో నగరానికి కొత్త చార్టర్ సాధించాడు. అప్పటికి అతను రాష్ట్ర సెనేటరు కూడా. ఆ చార్టర్ కోసం శాసనసభ్యులకు లంచాలు ఇచ్చానని 1877లో అతనే వాంగ్మూలం ఇచ్చాడు.

ఒప్పందాల విషయంలో మైలురాయిగా నిలిచిన తీర్పు 1874 నాటి ట్రిస్ట్ వర్సెస్ చైల్డ్. మెక్సికోతో 1848 నాటి శాంతి ఒప్పందాన్ని కుదిర్చిన నికొలస్ ట్రిస్ట్‌కు ప్రభుత్వం నుంచి పాత బాకీ రావలసి ఉంది. దాన్ని రాబట్టడానికి కుదుర్చుకున్న న్యాయవాదికి, వచ్చిన మొత్తంలో 25 శాతం ఇవ్వాలన్నది ఒప్పందం. 1871లో కాంగ్రెస్ 14,559 డాలర్లు మంజూరు చేసింది. వాటా విషయంలో వివాదం రాగా, ఆ ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధమని, చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. అర్జీ రాయడం, సాక్ష్యాలు సేకరించడం, కమిటీ ముందు వాదించడం న్యాయమైన వృత్తి సేవలే. సభ్యులను వ్యక్తిగతంగా ప్రభావితం చేసే పనికి వెల కట్టడమే తప్పని కోర్టు గీత గీసింది. ఇది ప్రైవేటు వ్యక్తుల వ్యాజ్యమే అయినా, ఫలితాన్ని బట్టి రుసుము ఇవ్వరాదన్న నియమానికి పునాది వేసింది. నేడు చాలా రాష్ట్రాల్లో శాసన లాబీయింగ్‌కు అలాంటి రుసుము నిషిద్ధం. 1877లో జార్జియా రాష్ట్ర రాజ్యాంగం లాబీయింగ్‌ను నేరంగానే ప్రకటించింది. 1890లో మసాచుసెట్స్ నిషేధానికి బదులు నమోదు మార్గాన్ని ఎంచుకుంది. ఇతర రాష్ట్రాలు క్రమంగా అనుసరించింది ఆ మార్గాన్నే.

సంఘాల దశ

ఒంటరిగా వెళ్లడం కన్నా కలిసి వెళ్లడం మేలని 19వ శతాబ్దం చివర్లో నగరాలు గ్రహించాయి. 1898లో కాలిఫోర్నియా నగరాల లీగ్ ఏర్పడింది. 1924లో పది రాష్ట్రాల లీగులు కలిసి కాన్సాస్‌లోని లారెన్స్‌లో అమెరికన్ మునిసిపల్ అసోసియేషన్‌ను స్థాపించాయి. అదే 1964లో నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్‌గా పేరు మార్చుకుంది. మహా మాంద్యం కాలంలో నిరుద్యోగ సహాయం కోసం డెట్రాయిట్ మేయర్ ఫ్రాంక్ మర్ఫీ 1932లో మేయర్లను సమావేశపరిచాడు, యు.ఎస్. కాన్ఫరెన్స్ ఆఫ్ మేయర్స్ దాని నుంచే పుట్టింది. 1935లో కౌంటీలకు జాతీయ సంఘం వచ్చింది. సభ్యత్వ చందా కడితే చాలు, వేరే లాబీయిస్టు అవసరం లేదన్న భావన అప్పట్లో బలంగా ఉండేది.

సొంత ప్రతినిధుల వైపు

1960లలో ఫెడరల్ గ్రాంటు పథకాలు విస్తరించాయి. 1972లో ఫెడరల్ ఆదాయంలో వాటా పంచే చట్టం, 1974లో పట్టణాభివృద్ధి బ్లాక్ గ్రాంట్ల చట్టం వచ్చాయి. నిధులు ఏ సూత్రం ప్రకారం పంచాలన్న ప్రశ్న వచ్చేసరికి పెద్ద నగరం, శివారు పట్టణం, గ్రామీణ కౌంటీ ఒకే గొంతుతో మాట్లాడలేకపోయాయి. స్తోమత గల నగరాలు వాషింగ్టన్‌లో సొంత ప్రతినిధులను పెట్టుకున్నాయి. 1986లో ఆదాయ పంపిణీ పథకం ఆగిపోవడంతో పోటీ ఇంకా పెరిగింది.

రాష్ట్ర స్థాయిలో కాలిఫోర్నియా మంచి ఉదాహరణ. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును మదింపు విలువలో ఒక శాతానికి పరిమితం చేసింది. ఆ పన్నును స్థానిక సంస్థల మధ్య పంచే అధికారం శాసనసభ చేతికి వెళ్లింది. 1990ల ఆరంభంలో లోటు పూడ్చుకోవడానికి రాష్ట్రం స్థానిక సంస్థల వాటాలో కొంత పాఠశాలలకు మళ్లించింది. 2011 చట్టంతో నగరాల పునరాభివృద్ధి సంస్థలు రద్దయ్యాయి. ఇలాంటి ప్రతి నిర్ణయం రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో సొంత లాబీయిస్టు ఉండాలన్న వాదనకు బలమిచ్చింది.

నమోదు, నిధుల వినియోగ చట్టాలు

1946 నాటి ఫెడరల్ లాబీయింగ్ నియంత్రణ చట్టం పరిధిని 1954లో సుప్రీంకోర్టు కుదించింది. దాని స్థానంలో 1995లో లాబీయింగ్ వెల్లడి చట్టం వచ్చింది. దీని ప్రకారం అధికారిక హోదాలో మాట్లాడే మేయరు, నగర ఉద్యోగి నమోదు చేసుకోనక్కర్లేదు. నగరం కుదుర్చుకున్న ప్రైవేటు సంస్థ మాత్రం నమోదై, ఆ నగరాన్ని ఖాతాదారుగా చూపాలి. లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్ లంచాల కుంభకోణం తర్వాత 2007లో చేసిన సవరణ చట్టం నివేదికలను మూడు నెలలకోసారి ఇవ్వాలంది.

1989 నాటి బర్డ్ సవరణ ఫెడరల్ నిధులతో ఫెడరల్ గ్రాంట్ల కోసం లాబీయింగ్ చేయడాన్ని నిషేధించింది. అందుచేత నగరాలు లాబీయిస్టుకు సొంత ఆదాయం నుంచే చెల్లించాలి. కాలిఫోర్నియాలో 1974 నాటి రాజకీయ సంస్కరణల చట్టం లాబీయిస్టును పెట్టుకున్న స్థానిక సంస్థ కూడా మూడు నెలలకోసారి ఖర్చు వెల్లడించాలంటుంది. విజయాన్ని బట్టి రుసుము ముట్టజెప్పడాన్ని నిషేధిస్తుంది.

ఎంపిక విధానం

వృత్తి సేవలు కాబట్టి లాబీయింగ్‌కు, రోడ్డు పనుల మాదిరిగా, తక్కువ ధర పాడినవారికే ఇవ్వాలన్న నియమం సాధారణంగా వర్తించదు. అమెరికన్ బార్ అసోసియేషన్ 1979లో ప్రచురించిన నమూనా కొనుగోలు నియమావళి ధరతో పాటు అర్హతలనూ తూచే పోటీ ప్రతిపాదనల పద్ధతికి స్థానం కల్పించింది.

ముందుగా కౌన్సిల్ ఆ ఏటి శాసన ప్రాధాన్యాల పత్రాన్ని ఆమోదిస్తుంది. ఏ బిల్లును సమర్థించాలి, దేన్ని వ్యతిరేకించాలి, ఏ పనికి నిధులు అడగాలి అన్నది అందులో ఉంటుంది. దాని ఆధారంగా సిటీ మేనేజర్ కార్యాలయం ప్రతిపాదనల ఆహ్వానం ప్రకటిస్తుంది. పని పరిధి, అర్హతలు, మార్కుల పట్టిక, గడువు అందులో స్పష్టంగా రాస్తారు. అధికారుల కమిటీ అనుభవం, రెండు పార్టీల సభ్యులతో పరిచయం, పాత ఖాతాదారుల అభిప్రాయం, రుసుము చూసి మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చిన రెండు మూడు సంస్థలను ఇంటర్వ్యూకు పిలుస్తుంది.

ఎక్కువ తర్కం జరిగేది ఇతర ఖాతాదారుల విషయంలోనే. నీటి వాటాల కోసం పోట్లాడుతున్న పొరుగు జిల్లాకో, నగర నిబంధనలను ఎదిరిస్తున్న పరిశ్రమకో అదే సంస్థ పనిచేస్తూ ఉండవచ్చు. అందుకే ఖాతాదారుల పూర్తి జాబితా ముందే అడుగుతారు. తుది నిర్ణయం బహిరంగ సమావేశంలో ఓటుతో జరుగుతుంది. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం కింద సాధారణ సమావేశం ఎజెండాను 72 గంటల ముందు ప్రజలకు అందుబాటులో ఉంచాలి.

ఒప్పందంలోని అంశాలు

నెలకింతని స్థిర రుసుము, ప్రయాణ ఖర్చులకు గరిష్ఠ పరిమితి, ఒకటి నుంచి మూడేళ్ల కాలం, పొడిగింపు అవకాశం సాధారణంగా ఉంటాయి. కారణం చెప్పకుండానే 30 రోజుల నోటీసుతో రద్దు చేసే హక్కును నగరం అట్టేపెట్టుకోవడం పరిపాటి. బిల్లుల పరిశీలన, సవరణల ముసాయిదా, కమిటీల్లో సాక్ష్యం, నెలవారీ నివేదిక వంటి పనులను విడివిడిగా పేర్కొంటారు. కొత్తగా ఖాతాదారును చేర్చుకుంటే తెలియజేయాలని, నమోదు పత్రాలను సకాలంలో దాఖలు చేయాలని షరతులు పెడతారు. ఎన్నికల ప్రచారం ఇందులో చేరదు: ప్రజాధనాన్ని ఓట్ల ప్రచారానికి ఖర్చు చేయరాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో స్టాన్సన్ వర్సెస్ మాట్ కేసులో తీర్పిచ్చింది.

విమర్శలు, వివాదాలు

పన్ను కట్టేవారి సొమ్ముతో ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వాన్ని ఒప్పించడానికి మధ్యవర్తిని పెట్టుకోవడం ఏమిటన్నది ప్రధాన విమర్శ. ఎన్నికైన శాసనసభ్యుడు ఉండగా ఈ ఖర్చు దేనికని విమర్శకులు అడుగుతారు. ఒక సభ్యుడి నియోజకవర్గంలో పరస్పర విరుద్ధ ప్రయోజనాలు గల అనేక సంస్థలు ఉంటాయని, బిల్లులన్నిటినీ గమనించే సిబ్బంది చిన్న నగరాలకు ఉండరని సమర్థకులు బదులిస్తారు.

టెక్సాస్‌లో స్థానిక సంస్థలు ప్రజాధనంతో లాబీయిస్టులను పెట్టుకోవడాన్ని అడ్డుకునే బిల్లు 2019లో సెనేట్‌లో నెగ్గినా ప్రతినిధుల సభలో 58–85 ఓట్లతో వీగిపోయింది. తర్వాతి సమావేశాల్లోనూ అలాంటి బిల్లులు వచ్చాయి. కాంగ్రెస్ సభ్యులు ఫలానా పనికని పేరుపెట్టి నిధులు ఇప్పించే పద్ధతి 2011లో ఆగి, 2021లో కొత్త వెల్లడి నియమాలతో తిరిగి రావడంతో వాషింగ్టన్ ప్రతినిధుల అవసరం మళ్లీ చర్చకు వచ్చింది.

బహిరంగ ప్రకటన, స్థిర రుసుము, నమోదు నియమాలు లంచాల కాలపు లోపాలను చాలావరకు సరిదిద్దాయి. నగరాల మధ్య అసమానతను మాత్రం అవి తొలగించలేదు. లాబీయిస్టులను పెట్టుకున్న నగరాలకు రాష్ట్ర నిధులు పెరుగుతాయని, ఆ లాభం ఎక్కువగా ఆదాయం అధికంగా ఉన్న నగరాలకే దక్కుతోందని కాలిఫోర్నియా వివరాలను పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్త జూలియా పేసన్ తేల్చారు. ఈ అంశంపై ఆమె గ్రంథం ‘వెన్ సిటీస్ లాబీ’ 2022లో వెలువడింది.