రేనాటి వంటింటి దినుసులు

చరిత్ర యనగానే రాజులు, కోటలు, యుద్ధములు మనకు తోచును. కాని ఒక సీమలోని ప్రజలు ఏ నూనెతో తిరగవాత వేసికొనిరి, ఏ కారముతో సంగటి తినిరి, ఉప్పు నెచ్చటనుండి తెచ్చుకొనిరి అనునదియు చరిత్రయే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పెద్దభాగము ప్రాచీనకాలమున రేనాడని పిలువబడెడిది. తెలుగున లభించిన తొలిశాసనములలో కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు ఆఱవ శతాబ్దమున రేనాటి చోళులు వేయించినవి. మన భాష రాతికెక్కిన ఈ సీమలోనే మన వంటింటి మాటల పుట్టుకను గూడ విచారించుట యుక్తమని మేము తలచితిమి.

మొదట నూనె మాట. నువ్వు, నెయ్యి అను రెండు మాటలు కలిసి నూనె యైనది. అనగా నూనె యన్న మాటకు మొదటి అర్థము నువ్వులనుండి తీసిన నెయ్యి. సంస్కృతమున తిలలనుండి తైలమను మాట ఇట్లే పుట్టినది. ఇటలీదేశమువారు నూనెను ఓలియో అందురు. అది ఆలివుకాయ పేరునుండి వచ్చినది. ఏ దేశమున ఏ గింజ, ఏ కాయ ముఖ్యమో దాని పేరే అచ్చటి నూనెల కన్నిటికి పేరగుచున్నది. నేడు మనము వేరుసెనగనూనె, కొబ్బరినూనె, కడకు కిరసనునూనె యనునప్పుడుగూడ, మనకు తెలియకయే, నువ్వును తలచుచున్నాము. రాయలసీమ పల్లెలలో నువ్వులను నూగులందురు. నూగులపొడి లేని వంటిల్లు అచ్చట అరుదు.

ఈ నూనెను తీయుటకు ఊరూర గానుగ యుండెడిది. పెద్ద రోటిలో నిలువుగా నొక రోకలి, దానికి తగిలించిన దూలము, ఆ దూలమును లాగుచు గంతలు కట్టిన ఎద్దు గుండ్రముగా తిరుగుట: యంత్రమంతయు నింతే. తెలికులవారు, గాండ్లవారు తరతరములుగా ఈ వృత్తి చేసిరి. నూనెపోగా మిగిలిన తెలగపిండి కొంత కూరలకును, కొంత పశువులమేతకును వచ్చెడిది. వ్యర్థమన్నది లేదు. దీపమునకు ఆముదము, వంటకు నువ్వులనూనె. మెట్టపొలములలో పండు కుసుమలనుండియు నూనె తీసెడివారు.

ఈ వరుసను మార్చినది వేరుసెనగ. ఇది దక్షిణ అమెరికాఖండపు పంట. ఐరోపా నావికుల రాకతో మన దేశము చేరినది. క్రొత్తదానికి పాతదాని పేరు పెట్టుట మనవారి పద్ధతి. కాయ నేలలో, వేళ్లనడుమ ఊరుటచే వేరుసెనగ యనిరి. రాయలసీమ రైతులు చెనక్కాయ యనియు, బుడ్డలనియు అందురు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు మార్సేయి నగరమున సబ్బుల తయారీకి నూనెగింజలు కావలసి, పుదుచ్చేరి రేవునుండి ఈ కాయ ఓడలకెక్కెను. 1871 నాటికి మద్రాసు, బొంబాయి నగరములను కలుపు రైలుమార్గము పూర్తియై, ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగా ఈ సీమ సరకునకు దారి దొరకెను. ఇరువదవ శతాబ్దమున మెట్టచేలలో వేరుసెనగ విరివిగా వ్యాపించెను. తిండివనమున రూపొందించి 1940 లో విడుదలచేసిన టి.ఎం.వి. 2 రకమును రాయలసీమ రైతులు దశాబ్దములపాటు విడువలేదు.

దీనివలన రైతు చేతిలో డబ్బు ఆడినది. ప్రొద్దుటూరు వంటి పట్టణములలో నూనెమిల్లులు వెలసినవి. సంగటికి చెనక్కాయల ఊరుబిండి తోడైనది. కాని జొన్న, కొఱ్ఱ పండిన చేలు బుడ్డలచేలైన కొలది, వాన తప్పిన యేట రైతునకు డబ్బూ లేదు, గాదెలో గింజా లేదు. రుచి నిచ్చిన పంటయే రైతును వానకు, అంగడిధరకు బందీని చేసినదనుట అసత్యము కాదు.

కారము కథయు ఇట్టిదే. మిరపకాయ అమెరికానుండి పోర్చుగీసువారి మూలమున వచ్చినది. అంతకు పూర్వము మన కారము మిరియముదే. ఆ మిరియమే మిరపకు పేరిచ్చినది. చిత్రమేమనగా, ఇటలీలోను ఇదే జరిగినది: మిరియమును పెపె అనువారు మిరపను పెపెరొంచీనో యనిరి. దక్షిణ ఇటలీలోని కలాబ్రియాసీమ నేడు మిరపకారమునకు ప్రసిద్ధి. రెండు దూరదేశముల వంటిండ్లు ఒకే క్రొత్తచుట్టమునకు ఒకే తీరున పేరు పెట్టినవి. మిరప లేని రాయలసీమను, ఎఱ్ఱకారము పూయని కారందోసెను నేడు మనము ఊహింపలేము. కాని అది మన పూర్వుల నోటికెక్కి ఐదువందల యేండ్లు దాటలేదు.

ఉప్పు సంగతి వేఱు. సముద్రము దూరమైన ఈ సీమలో చవుడు నేలల మట్టిని నీట కలిపి, వడగట్టి, కాచి ఉప్పు తీసెడివారు. ఉప్పరవారను పేరే దానికి సాక్ష్యము. ఆంగ్లప్రభుత్వము తన పన్ను రాబడికై ఈ మట్టియుప్పు తయారీని అణచివేసినది. 1930 లో గాంధీమహాత్ముడు దండియొడ్డున పిడికెడు ఉప్పు తీసినపుడు ఆ గాయము సముద్రతీరములవారిదే కాదు, లోనాటి పల్లెలదియు నని మనము గుర్తింపవలెను.

దినుసుల నిలువయు నొక విద్యయే. జొన్నలు పాతరలోను, వడ్లు గాదెలోను, చింతపండు కుండలోను, ఊరగాయ జాడీలోను ఉండెడివి. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి ఎండబెట్టినచో పురుగు చేరదని ఇల్లాండ్రకు తెలియును. ఇంటికి గాదె యెట్టిదో, కోటకు ధాన్యాగారమట్టిది. పెన్నానది లోయయంచున నున్న గండికోటలో కమానుకప్పుతో కట్టిన ధాన్యాగారము నేటికిని నిలిచియున్నది. ముట్టడులను తట్టుకొనుటకు ఫిరంగులెంతయో, నిలువచేసిన గింజలు నంతయు అవసరములు.

ఇటీవలి కథ మన మెఱిగినదే. 1937 లో డాల్డా వచ్చినది. 1994 నుండి విదేశపు పామునూనె దిగుమతికి తలుపులు తెఱువబడినవి. నేడు మన దేశమున వాడు వంటనూనెలో సగమునకు పైగా దిగుమతియే. వేముల మండలములోని తుమ్మలపల్లె, 2012 లో ఉత్పత్తి మొదలైన యురేనియము గనివలన దేశమున పేరుపొందినది. ఆ చుట్టుపట్ల రైతులు తమ బావులనీటినిగూర్చి, పైరులనుగూర్చి ఆందోళన తెలిపియున్నారు. వంటిల్లు పొయ్యిదగ్గఱ మొదలు కాదు. నేలలోను, నీటిలోను మొదలగును. కనుక ఆ ప్రశ్న వంటింటి ప్రశ్నయే.

ఇటలీవారు ఏ సీమ నూనెను ఆ సీమ పేరుతోనే, మోదెనా ద్రాక్షపులుసును ఆ ఊరి పేరుతోనే చట్టముచేత కాపాడుకొనుచున్నారు. మన దేశమున నట్టి చట్టము 1999 లో వచ్చినది. గుంటూరు సన్నమిరపకు గుర్తింపు లభించినది. కాని చట్టమునకు ముందు జ్ఞాపకము కావలెను. చెక్కగానుగలు మరల కొన్నిచోట్ల తిరుగుచున్నవి. వాని నూనె కొనువా రుందురు. వాని పనితీరు ఎఱిగిన వృద్ధులు మాత్రము ఏటేట తగ్గుచున్నారు. మీ యింట పెద్దవారున్నచో ఏ గింజ ఎచ్చట నిలువచేసిరో, ఏ పొడికి ఏది ముందు వేయించిరో అడిగి వ్రాసికొనుడు. శాసనముల నాటిన సీమకు వ్రాసికొనుట క్రొత్త కాదు.