పవర్ పాత్ పద్ధతి

సెల్ ఫోను, కెమెరా వంటి పరికరం పనిచేస్తుండగానే దానిలోని లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జి చేయడానికి, ఛార్జరు నుండి వచ్చే విద్యుత్తును పరికరానికి, బ్యాటరీకి వేర్వేరు మార్గాలలో అందించే విధానాన్ని పవర్ పాత్ పద్ధతి అంటారు.

ఛార్జింగు దశలు

సాధారణ లిథియం అయాన్ ఘటాన్ని ముఖ్యంగా రెండు దశలలో ఛార్జి చేస్తారు. మొదటి దశలో కరెంటును స్థిరంగా ఉంచుతారు. ఘటం వోల్టేజి సుమారు 4.2 వోల్టులకు చేరిన తరువాత వోల్టేజిని స్థిరంగా ఉంచుతారు. అప్పుడు కరెంటు క్రమంగా తగ్గుతుంది. అది నిర్ణీత స్థాయికి తగ్గగానే ఛార్జింగు ఆగిపోతుంది.

సమస్య

పరికరాన్ని నేరుగా బ్యాటరీకి సమాంతరంగా కలిపితే, తానిచ్చే కరెంటులో బ్యాటరీకి చేరేది ఎంతో ఛార్జరు గుర్తించలేదు. ఉదాహరణకు 200 మిల్లీఆంపియర్ల వద్ద ఆగవలసిన ఛార్జింగు, పరికరం 300 మిల్లీఆంపియర్లు వాడుకుంటున్నంతసేపూ ఆగదు. ఘటం నిండిన తరువాత కూడా 4.2 వోల్టుల వద్దనే ఉండిపోతుంది. దీనివలన, ముఖ్యంగా వేడిగా ఉన్నప్పుడు, ఘటం జీవితకాలం తగ్గుతుంది. బాగా ఖాళీ అయిన ఘటానికి మొదట స్వల్ప కరెంటు మాత్రమే ఇస్తారు. దానిని కూడా పరికరమే వాడుకుంటే ఘటం ఛార్జి కాదు.

పరిష్కారం

ఈ పద్ధతిలో ఛార్జరు తగిలించగానే ఒక మాస్‌ఫెట్ స్విచ్చి పరికరాన్ని బ్యాటరీ నుండి విడదీస్తుంది. పరికరానికి విద్యుత్తు నేరుగా అందుతుంది. ఛార్జింగు వలయం బ్యాటరీకి వెళ్ళే కరెంటును మాత్రమే కొలుస్తుంది కనుక సరైన సమయంలో ఆగుతుంది. యూఎస్‌బీ 2.0 వంటి 500 మిల్లీఆంపియర్ల పరిమితి గల మూలం నుండి పరికరం ఎక్కువ కరెంటు తీసుకుంటే, ఛార్జింగు కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. అదీ చాలనప్పుడు బ్యాటరీ తిరిగి కలిసి పరికరానికి తోడ్పడుతుంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినా పరికరం వెంటనే పనిచేయడం దీని మరో ప్రయోజనం.